పర్యావరణ విద్యలో దేశాల మధ్య పోలిక: దేన్ని కొలిస్తే నిజం తెలుస్తుంది?

బడిగంట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎం.ఎడ్. డిసర్టేషన్‌కి పాఠశాల స్థాయి పర్యావరణ విద్యలో దేశాల పోలిక అనే అంశం ఖాయమైంది. భారత్‌తో పాటు ఫిన్లాండ్, జపాన్, ఇటలీ, బ్రెజిల్ అనుకుంటున్నాను. దొరికిన వ్యాసాలన్నీ దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. ఫిన్లాండ్ పిల్లలు అడవిలో చదువుతారు, జపాన్ పిల్లలు బడి ఊడుస్తారు, మన పిల్లలు బట్టీ పడతారు అని చెప్పి ముగించేస్తున్నారు. పోలికకు కొలమానం ఏమిటో ముందు తేల్చుకోమని మా గైడ్ గారు సినాప్సిస్ వెనక్కి ఇచ్చారు.

నాకు తెలియాల్సినవి ఇవి. చట్టాలు, సిలబస్‌లు, గంటలు, ఫలితాల్లో దేన్ని పక్కపక్కన పెట్టాలి? విడి సబ్జెక్టుగా చెప్పే దేశాన్నీ అన్ని సబ్జెక్టుల్లో కలిపి చెప్పే దేశాన్నీ ఒకే గాటన ఎలా కొలవాలి? చివరి అధ్యాయంలో ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వ హైస్కూళ్లలో ఆచరించదగ్గవి రాయాలి. అక్కడ పాఠ్య ప్రణాళిక మార్చాలి లాంటి మాటలు కాకుండా, ఒక టీచరు రేపు బడిలో మొదలుపెట్టగలిగే పనులు కావాలి.

---

నల్లబల్ల

గైడ్ గారు సరైన చోటే ఆపారండీ. చట్టాన్ని చట్టంతో పోలిస్తే మన దేశం చాలా ముందుంటుంది. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22నే పర్యావరణాన్ని అన్ని స్థాయిల్లో తప్పనిసరి చేయమంది. అమలు సరిగ్గా లేదని 2003 డిసెంబరులో మళ్లీ అడిగి, ఒకటి నుంచి పన్నెండు వరకు నమూనా సిలబస్ తయారు చేయమని ఎన్‌సీఈఆర్‌టీకి చెప్పింది. ఇంత స్పష్టమైన కోర్టు ఆదేశం ఉన్న దేశాలు తక్కువ. అయినా తరగతి గదిలోకి వెళ్తే ఏముందో మీకు తెలుసు. అంటే చట్టం కొలమానంగా పనికిరాదు.

నేనైతే ప్రతి దేశాన్నీ నాలుగు ప్రశ్నలు అడుగుతాను. ఆ పీరియడ్ ఎవరి వాటాలోంచి వచ్చింది? ఎవరు చెబుతారు, వాళ్లకు అందులో శిక్షణ ఉందా? మార్కు ఉందా, ఉంటే ఆ మార్కు ఎక్కడ కలుస్తుంది? పిల్లవాడు చేత్తో ఏం చేశాడు? ఈ నాలుగింటికీ జవాబు దొరకని దేశాన్ని జాబితాలోంచి తీసేయండి, ఎంత పేరున్నదైనా సరే.

ఇటలీతో మొదలుపెడదాం, ఎందుకంటే దాని గురించి ప్రచారంలో ఉన్న తప్పే ఎక్కువ. 2019 నవంబరులో అప్పటి విద్యామంత్రి ఫియోరమోంతి ప్రకటన రాగానే "ఇటలీలో ఏడాదికి 33 గంటల వాతావరణ మార్పు పాఠాలు" అని ప్రపంచమంతా రాసేసింది. అసలు ఆ 33 గంటలు పౌరవిద్యవి. 2019 ఆగస్టు 20 నాటి 92వ నంబరు చట్టం వాటిని పెట్టింది, 2020 సెప్టెంబరులో బడుల్లోకి వచ్చాయి. అందులో మూడు భాగాలు: రాజ్యాంగం, సుస్థిరాభివృద్ధి, డిజిటల్ పౌరసత్వం. మూడింటికీ తలా పదకొండు గంటలని ఎక్కడా లేదు, ఏ బడి ఎలా పంచుకుంటే అలా. పైగా ఆ గంటలు కొత్తగా చేర్చినవి కావు, ఉన్న సబ్జెక్టుల్లోంచే తీయాలి. కొత్త టీచర్లూ లేరు. ఉన్నవాళ్లలో ఒకరు సమన్వయం చూస్తారు, ఆ పనికి చట్టంలో వేరే వేతనం లేదు. కానీ ఒక్క విషయం బలమైనది: దానికి రిపోర్టు కార్డులో విడిగా మార్కు పడుతుంది. నా నాలుగు ప్రశ్నల్లో మొదటి రెండింట్లో ఇటలీ బలహీనం, మూడో దాంట్లో గట్టి. ఇలా రాస్తే అది పోలిక అవుతుంది.

బ్రెజిల్ దీనికి ఎదురు కొస. 1999 ఏప్రిల్ 27 నాటి 9,795 నంబరు చట్టం పర్యావరణ విద్యను అన్ని స్థాయిల్లో తప్పనిసరి చేస్తూనే, పదో నిబంధనలో దాన్ని విడి సబ్జెక్టుగా పెట్టకూడదని చెబుతుంది. పీజీ కోర్సులకు, పర్యావరణ విద్య బోధనా పద్ధతులకు సంబంధించిన కోర్సులకు మాత్రం అవసరమైతే మినహాయింపు. ఉద్దేశం మంచిదే, అందరి బాధ్యతగా ఉంచాలని. ఆచరణలో జీవశాస్త్రం, భూగోళం టీచర్ల మీదే భారం పడుతుంది. లెక్కల టీచరుకు ఆ మాట తన కోసం రాశారని అనిపించదు. 2024 జులైలో 14,926 నంబరు చట్టంతో వాతావరణ మార్పు, జీవవైవిధ్యం కూడా చేర్చారు. ఇటలీ, బ్రెజిల్ రెండు కొసలూ మీ దగ్గరున్నాయి కాబట్టి దేశాల ఎంపిక బాగానే ఉంది.

ఫిన్లాండ్ లెక్క జాగ్రత్తగా వేయండి. అక్కడ ఒకటి నుంచి ఆరు తరగతుల దాకా పర్యావరణ అధ్యయనం అనే ఒకే సబ్జెక్టు ఉంది. 2014 కరికులమ్, 2016 ఆగస్టు నుంచి అమలు. మొదటి రెండు తరగతులకు 4, మూడు నుంచి ఆరుకు 10, మొత్తం 14 వార్షిక వార గంటలు. ఒక వార గంట అంటే ఏడాదికి 38 పాఠాలు. 14ను 38తో గుణిస్తే 532 పాఠాలు, ఒక్కోటి 45 నిమిషాలు, అంటే ఆరేళ్లలో 399 గంటలు. ఈ అంకె చూసి ఇటలీ పక్కన పెట్టారంటే పోలిక కూలిపోతుంది. ఆ 399 గంటల్లోనే జీవశాస్త్రం, భూగోళం, భౌతిక, రసాయన శాస్త్రాలు, ఆరోగ్య విద్య అన్నీ ఉన్నాయి. మన మూడు నుంచి ఐదు తరగతుల పరిసరాల విజ్ఞానం దీనికి సరైన జోడీ, ఇటలీ పౌరవిద్య కాదు.

---

కొబ్బరితోట

నల్లబల్ల గారి నాలుగు ప్రశ్నలతో ఏకీభవిస్తాను. జపాన్ గురించి వివరంగా రాస్తాను. మీరు చదివిన వ్యాసాలు ఎక్కువ తప్పు చేసేది అక్కడే.

బడి ఊడవడాన్ని పర్యావరణ విద్య కింద వేయకండి. అది వాళ్ల కరికులమ్‌లో 'ప్రత్యేక కార్యకలాపాల' కిందికి వస్తుంది, ఉద్దేశం ఉమ్మడి బాధ్యత. అసలు పాఠం నాలుగో తరగతి సాంఘికశాస్త్రంలో ఉంది. చెత్త ఒక యూనిట్, తాగునీరు ఇంకో యూనిట్. చెత్త యూనిట్ ఎలా నడుస్తుందో దగ్గరగా చూడండి. పిల్లలు ముందు ఇంట్లో కొన్నాళ్లపాటు ఏం పారేశారో రాసుకొస్తారు. తర్వాత తమ మున్సిపాలిటీ సేకరణ క్యాలెండరు తెచ్చి ఏ రోజు ఏ రకం తీసుకెళ్తారో, ఎందుకు విడదీయమంటారో చూస్తారు. ఆపైన దహన కేంద్రానికి వెళ్తారు. లారీలు చెత్త దింపే గొయ్యి, దాన్ని ఎత్తే క్రేను గాజు గోడ వెనకనుంచి చూస్తారు. అక్కడితో ఆపరు. కాలాక మిగిలిన బూడిద ఎక్కడికి పోతుంది, ఆ పూడ్చే స్థలం ఇంకెన్నేళ్లు వస్తుంది అన్నది అసలు ప్రశ్న. చివరికి తమ ఊరికి సూచనలు రాస్తారు. టీచరు చేతిలో ఉండే సామగ్రి ఎక్కువగా ఆ మున్సిపాలిటీదే, పాఠ్యపుస్తకంలోని ఏదో ఒక నగరానిది మాత్రమే కాదు. చాలా పట్టణాల విద్యా బోర్డులు మూడు, నాలుగు తరగతులకు తమ ఊరి మీదే ఉపవాచకం అచ్చు వేసుకుంటాయి.

దీని వెనక చరిత్ర ఉంది. అక్కడ పర్యావరణ విద్య ప్రకృతి ప్రేమతో కాక కాలుష్యంతో మొదలైంది. 1956లో మినమాత వ్యాధిని (ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా ఒంట్లో చేరి వచ్చేది) అధికారికంగా గుర్తించారు, 60లలో యొక్కాయిచీలో ఫ్యాక్టరీల పొగవల్ల ఆస్తమా. ఆయా ఊళ్ల టీచర్లే ముందు పాఠాలు తయారు చేసుకున్నారు. 1970 చివర్లో అక్కడి పార్లమెంటు ఒకే సమావేశంలో 14 కాలుష్య చట్టాలు చేసింది. ఇప్పటికీ మినమాత ఉన్న కుమమొతో ప్రిఫెక్చరులో ఐదో తరగతి పిల్లల్ని ఆ ఊరికి తీసుకెళ్లి బాధితుల మాటలు వినిపించే కార్యక్రమం ఉంది. మన దగ్గర నల్గొండ ఫ్లోరోసిస్, పటాన్‌చెరు కాలుష్యం, ఉద్దానం కిడ్నీ వ్యాధి ఉన్నాయి. వీటిని ఆ జిల్లా పిల్లలు పరీక్ష ప్రశ్నగా కాకుండా తమ ఊరి పాఠంగా చదవాలన్నది నా గట్టి అభిప్రాయం. మీ పోలికలో ఈ కోణం తప్పక పెట్టండి.

రెండోది సమీకృత అధ్యయన సమయం. 2002 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. ఇప్పుడు మూడు నుంచి ఆరు తరగతులకు ఏడాదికి 70 పీరియడ్లు, 45 నిమిషాల చొప్పున 52న్నర గంటలు. అంశం బడి ఎంచుకుంటుంది: పర్యావరణం, సంక్షేమం, స్థానిక సంస్కృతి, అంతర్జాతీయ అవగాహన, ఏదైనా. కాబట్టి 70నీ పర్యావరణానికి రాసేయకూడదు. మార్కు ఉండదు, టీచరు వాక్యాల్లో అభిప్రాయం రాస్తారు.

పాల డబ్బా సంగతి కూడా చేర్చవచ్చు. మధ్యాహ్న భోజనంతో 200 మిల్లీలీటర్ల కాగితపు డబ్బాలో పాలు ఇస్తారు. చాలా బడుల్లో పిల్లలు తాగిన డబ్బాను విప్పి, బకెట్లో నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కట్టలు కట్టి రీసైక్లింగుకి పంపుతారు. కడగకపోతే మిగిలిన పాలు పులిసి వాసన వస్తుంది, ఆ కట్ట కాగితం మిల్లుకు పనికిరాదు. ఆ ఒక్క కారణం పిల్లలకు అర్థమైతే 'శుభ్రంగా విడదీయడం' అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

---

బడిగంట

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫిన్లాండ్ 399 గంటల లెక్కను నేను సరిగ్గా మీరు చెప్పినట్టే తప్పుగా వాడబోయి ఆగాను. ఒక సందేహం. ఇటలీ, బ్రెజిల్ అనుభవం చూస్తే విడి సబ్జెక్టు పెట్టి మార్కులు వేయడమే దారి అనిపిస్తోంది. మన ఇంటర్‌లో అది ఉంది కదా?

---

డస్టర్

ఇంటర్ ఉదాహరణే ఆ దారి ఎక్కడ ఆగుతుందో చూపిస్తుందండీ. రెండు రాష్ట్రాల బోర్డులూ మొదటి ఏడాది పిల్లలకు పర్యావరణ విద్య, నైతికత–మానవ విలువలు పరీక్షలు పెట్టినవే. అర్హత పరీక్షలు, మార్కులు మొత్తంలో కలవవు. దానివల్ల ఏమవుతుందంటే, ఏడాది పొడవునా పీరియడ్ ఉండదు, పరీక్షకు ముందు కొన్ని రోజులు ప్రశ్నల జాబితా ఇస్తారు, పిల్లలు రాసేస్తారు. ఎంపీసీ, బైపీసీ చదివే పిల్లలకు అక్కడ పెట్టే గంట ఈఏపీసెట్ (పాత ఎంసెట్) చదువులోంచి తీసినట్టే. మార్కు ఉండటం ముఖ్యం కాదు, ఆ మార్కు దేనిలో కలుస్తుందన్నది ముఖ్యం. నల్లబల్ల గారు మూడో ప్రశ్నలో అడిగింది అదే.

డిగ్రీలో ఇంకో రకం. సుప్రీంకోర్టు ఆదేశంతో యూజీసీ ఆరు నెలల తప్పనిసరి మాడ్యూల్ తెచ్చింది: 50 లెక్చర్లు, వంద మార్కుల్లో 75 థియరీకి, 25 ఫీల్డ్ వర్కుకి. కాగితం మీద నాలుగో వంతు మార్కులు బయటి పనికే. కానీ ఆ ఫీల్డ్ వర్కుకు కేటాయించిన సమయం ఐదు లెక్చర్లంత. వందలమంది ఉన్న తరగతిని ఐదు గంటల్లో చెరువు దగ్గరికి తీసుకెళ్లి మదింపు చేయడం ఎవరివల్లా కాదు, అందుకే ఫైళ్లు చేతులు మారుతుంటాయి. తప్పు పిల్లలది కాదు, సమయం, మార్కుల నిష్పత్తిది. 25 శాతం మార్కులకు 10 శాతం సమయం ఇచ్చారు.

విడి సబ్జెక్టుకే హామీ లేదనడానికి దక్షిణ కొరియాని చూడండి. 1992లో ప్రకటించిన ఆరో కరికులమ్‌లోనే పర్యావరణాన్ని విడిగా ఎంపిక సబ్జెక్టుగా పెట్టారు, దానికంటూ టీచరు అర్హత కూడా ఏర్పరచారు. అయినా కాలేజీ ప్రవేశానికి పనికొచ్చే సబ్జెక్టులతో పోటీపడి నిలవలేకపోయింది, ఎంచుకునే బడులు చాలా తక్కువ.

---

నల్లబల్ల

డస్టర్ గారూ, ఇక్కడ మీతో కొంచెం విభేదిస్తాను. కొరియాలో ఓడిపోయింది విడి సబ్జెక్టు కాదు, ఐచ్ఛికం. ఫిన్లాండ్‌లో ఆరేళ్లపాటు విడి సబ్జెక్టుగానే ఉంది, నిలబడింది, ఎందుకంటే అది తప్పనిసరి, దాన్ని చెప్పేది మాస్టర్స్ చేసిన తరగతి టీచరు, ఆ పీరియడ్ మీద ఇంకెవరి కన్నూ లేదు. కాబట్టి విడిగానా, కలిపా అనే ప్రశ్నను 'రక్షణ ఉన్న సమయమా, లేని సమయమా' అని మార్చుకోండి.

ఫిన్లాండ్ లోపం కూడా రాయండి, లేకపోతే మీ వైవాలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఏడో తరగతి నుంచి ఆ సబ్జెక్టు జీవశాస్త్రం, భూగోళం, ఫిజిక్స్‌గా విడిపోతుంది. అక్కడినుంచి సుస్థిరత అనేది అన్ని సబ్జెక్టులకూ వర్తించే ఏడు విస్తృత సామర్థ్యాల్లో చివరిదిగా, ఏడాదికి కనీసం ఒక బహుళ సబ్జెక్టుల యూనిట్‌గా మిగులుతుంది. ఆ యూనిట్ ఎన్ని రోజులు, ఏ అంశం మీద అన్నది స్థానికంగా తేల్చుకుంటారు. 1990ల తొలినాళ్లలోనే పాఠశాల తనిఖీ వ్యవస్థ తీసేశారు, హైస్కూలు చివరి దాకా జాతీయ పరీక్ష లేదు. అందువల్ల ఏ బడి బాగా చేసింది, ఏ బడి పేరుకు చేసింది అన్నది బయటినుంచి కనపడదు.

---

ఎడిసన్ తెలుగు

న్యూజెర్సీలో మనవాళ్ల పిల్లలు చాలామంది చదువుతున్నారు కాబట్టి ఇక్కడి సంగతి కూడా ఎవరైనా అడుగుతారు. అమెరికా అని ఒక వరుస పెట్టకండి, విద్య రాష్ట్రాల చేతిలో ఉంటుంది. జర్మనీ కూడా అంతే, 16 రాష్ట్రాలకు 16 విధానాలు. వీటిని పోలిస్తే తెలంగాణతోనో ఆంధ్రతోనో పోల్చాలి, భారత్‌తో కాదు.

న్యూజెర్సీ 2020 జూన్‌లో వాతావరణ మార్పును కేజీ నుంచి పన్నెండు దాకా ప్రమాణాల్లో పెట్టిన మొదటి రాష్ట్రం, తరగతుల్లో 2022 సెప్టెంబరు నుంచి. ఏడు విభాగాల్లో చేర్చారు: సైన్సు, సోషల్, కళలు, ఆరోగ్యం–వ్యాయామం, ప్రపంచ భాషలు, కంప్యూటర్ సైన్స్, వృత్తి సంసిద్ధత. ఇంగ్లిషు, లెక్కలు తర్వాత 2023లో జతపడ్డాయి. ఇక్కడ చూడాల్సింది ఏమిటంటే, రాష్ట్ర పరీక్షల ఒత్తిడి ఎక్కువ ఉన్న ఆ రెండు సబ్జెక్టులే మొదట బయట ఉండిపోయాయి.

మేరీలాండ్ వేరే దారి. 2011లో పర్యావరణ అక్షరాస్యతను హైస్కూలు పూర్తికి అవసరమైన షరతుగా పెట్టింది, కానీ ఒక కోర్సుగా కాదు, జిల్లా బడుల వ్యవస్థ ఆ కార్యక్రమాన్ని నడపాలి. చెసపీక్ బే (అమెరికా తూర్పు తీరంలోని అఖాతం) పరీవాహక రాష్ట్రాలు వాడే నమూనా ఒకటుంది, మీకు బాగా పనికొస్తుంది. ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూలు దశల్లో ఒక్కో దశలో కనీసం ఒకసారి పిల్లలు నాలుగు మెట్లు ఎక్కాలి: ప్రశ్న నిర్ణయించుకోవడం, బయటికెళ్లి కొలవడం, దొరికినదాన్నుంచి నిర్ధారణకు రావడం, దాని మీద ఒక పని చేయడం. మూడో మెట్టు దాటేసి నేరుగా నాలుగోదానికి వెళ్లడమే ఎక్కడైనా జరిగే పొరపాటు. నీళ్లు పరీక్షించి, ఫలితం చూడకుండానే పోస్టర్లు వేయించేస్తారు. కృష్ణా, గోదావరి, కొల్లేరు చుట్టుపక్కల బడులకు ఈ నమూనా అతికినట్టు సరిపోతుంది.

---

మీటర్ రీడింగ్

చివరి అధ్యాయానికి ఆచరణ అడిగారు కాబట్టి ఆ ఒక్కదాని మీదే రాస్తాను. రెండు పనులు సూచిస్తాను, రెండూ బయటి దేశాల్లో నడిచి చూపించినవే.

మొదటిది హాంబర్గ్ 'ఫిఫ్టీ–ఫిఫ్టీ'. 1994లో మొదలైంది. బడిలో అలవాట్లు మార్చుకుని కరెంటు, వేడి, నీటి ఖర్చు తగ్గిస్తే మిగిలిన డబ్బులో సగం బడికి, సగం నగరపాలనకు. మూల అంకె గడచిన ఏళ్ల సగటు, చాలా చోట్ల మూడేళ్లది. చలి ఎక్కువ తక్కువలకు సవరణ చేస్తారు. చలికాలంలో రేడియేటర్ మీద కిటికీ రోజంతా ఓరగా తెరిచి ఉంచడం అక్కడి పెద్ద వృథా. దాని బదులు ఐదు నిమిషాలు బార్లా తెరిచి మూసేయడం పిల్లలు నేర్చుకుంటారు. ఇందులో బిల్డింగ్ చూసుకునే ఉద్యోగిని మొదటి రోజునుంచీ జట్టులో పెట్టకపోతే పథకం నడవదు, బాయిలర్ తాళం ఆయన దగ్గరే ఉంటుంది. కొన్నేళ్లకు ఇంకో చిక్కు వస్తుంది: తగ్గించాల్సింది తగ్గించేశాక మూల అంకె మారిస్తే బడికి ఏమీ రాదు, ఉత్సాహం పోతుంది. అందుకే చాలా నగరాలు తర్వాత ఆదా అయిన డబ్బు బదులు చేసిన పనులకు పారితోషికం ఇచ్చే పద్ధతికి మారాయి.

మన దగ్గర దీన్ని ఎత్తి పెట్టే ముందు కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో చూడాలి. తెలంగాణ 2024లో ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్ ప్రకటించింది. అక్కడ డబ్బు పంచుకునే మాటే ఉండదు, యూనిట్లు మాత్రమే కొలవాలి. కొలిచే తీరు ఇది. సాయంత్రం బడి మూసేటప్పుడు మీటర్ రీడింగ్, మర్నాడు ఉదయం తెరిచేటప్పుడు రీడింగ్. రెండింటి తేడా రాత్రి ఖర్చు. బడి ఖాళీగా ఉన్నప్పుడు అది సున్నాకు దగ్గరగా ఉండాలి. లేదంటే వరండా లైటో, కంప్యూటర్ గది యూపీఎస్సో, ఆపని ఫ్యానో ఉంది, పిల్లలు వెతికి పట్టుకోవాలి. పగటి లెక్క కూడా వాళ్లే వేయగలరు: పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు, పది ఫ్యాన్లు ఆరు గంటలు తిరిగితే 4.5 యూనిట్లు. అవే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 1.8. ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్‌లోనే ఇది చెప్పొచ్చు, వేరే పీరియడ్ అడగక్కర్లేదు.

నీటికి ఇంకా సులువు. కారే కుళాయి కింద సీసా పెట్టి పది నిమిషాలు పట్టండి. వచ్చిన మిల్లీలీటర్లను 144తో గుణిస్తే రోజు లెక్క. 150 మిల్లీలీటర్లు వచ్చిందంటే రోజుకు 21.6 లీటర్లు. ఆ అంకెను కుళాయి పక్కనే గోడ మీద రాయించండి, వాషరు మార్చేదాకా చెరపకూడదు.

రెండోది చెత్త తూకం. వరుసగా ఐదు పనిదినాలు. పండగకు ముందు రోజు, పరీక్షల రోజులు వద్దు. కావాల్సినవి: టార్పాలిన్ ఒకటి, గ్లోవ్స్, కొక్కెం ఉన్న డిజిటల్ కాటా, నాలుగు సంచులు. ఆ నాలుగు సంచుల్లో తడి, కాగితం, పాత సామాన్లవాడు కొనే ప్లాస్టిక్, ఎవరూ కొనని రేపర్లు. ఊడ్చేవాళ్లకు ముందురోజే చెప్పాలి. లేకపోతే మీరు కాటా తెచ్చేలోపు సగం చెత్త వెనక గోడ దగ్గర కాలిపోయి ఉంటుంది. ఆంధ్రలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ ఇస్తారు కాబట్టి నోట్‌బుక్‌లో ఆ రోజు మెనూకి ఒక గడి తప్పక పెట్టండి. గుడ్డు పెంకుల బరువు కలిసిన రోజు తడి చెత్త పెరిగినట్టు కనిపిస్తుంది, అన్నం ఎక్కువ పారేశారని పొరపాటు పడతారు. అన్నం, పెంకులు విడిగా తూచడమే మంచిది. చిక్కీ రేపర్లు కొక్కెం కాటాకు అందవు, వాటిని లెక్కపెట్టాలి. వంద కట్టగట్టి కిరాణా కొట్టు కాటా మీద తూచి, దాంతో ఒక్కోదాని బరువు తీసుకోవచ్చు. వానొచ్చిన రోజు కాగితం తూకం వేయకండి, తడిసి అంకె మోసం చేస్తుంది. చివరి లెక్క కిలోల్లో కాదు, ఒక్కో విద్యార్థికి రోజుకు ఎన్ని గ్రాములు అని రాస్తేనే ఇంకో బడితో పోల్చడానికి వీలవుతుంది. హాజరైనవాళ్ల సంఖ్యతో భాగించాలి, రోల్లో ఉన్నవాళ్లతో కాదు.

ఖర్చుకు వేరే నిధి వెతకనక్కర్లేదు. సమగ్ర శిక్షలో యూత్–ఎకో క్లబ్ గ్రాంటు ప్రాథమికానికి 5,000, ప్రాథమికోన్నతకు 15,000, ఉన్నత పాఠశాలలకు 25,000 రూపాయల దాకా అనుమతి ఉంది. ఎక్కువగా అది మొక్కలకు, ఫ్లెక్సీకి పోతుంది. మొక్కల మీద ఒక్క మాట: నాటిన సంఖ్య రాయడం మానేసి, మొదటి ఎండాకాలం దాటాక జూన్‌లో బతికున్న సంఖ్య రాయించండి. డిసర్టేషన్‌లో ఏ దేశంతో పోల్చినా ఆ ఒక్క అంకె మీ అధ్యాయానికి బలం ఇస్తుంది.

---

బడిగంట

చాలా వివరంగా ఇచ్చారు. ఇంకొక్కటి. ఫలితాల అధ్యాయానికి పీసా (15 ఏళ్ల పిల్లలకు అంతర్జాతీయంగా పెట్టే పరీక్ష) అంకెలు వాడొచ్చా?

---

డస్టర్

భారత్‌కు వాడలేరు. 2009 రౌండుకు అనుబంధంగా తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ మాత్రమే పాల్గొన్నాయి. 2012 నుంచి 2022 వరకు ఏ రౌండ్‌లోనూ మనం లేము. మిగతా నాలుగు దేశాలకు 2006 పీసా పనికొస్తుంది, అందులో సైన్సే ప్రధానాంశం, పర్యావరణ ప్రశ్నలను విడిగా విశ్లేషించారు. ఆ విశ్లేషణలో తప్పక చెప్పాల్సిన విషయం ఉంది: పర్యావరణ శాస్త్రం బాగా తెలిసిన పిల్లలకు సమస్యల మీద అవగాహన ఎక్కువ, కానీ రాబోయే ఏళ్లలో పరిస్థితి బాగుపడుతుందన్న నమ్మకం తక్కువ. చెసపీక్ నమూనాలో నాలుగో మెట్టు ఎందుకు ఉందో చెప్పడానికి మీకు ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. 2025 రౌండ్‌లో 'ఆంత్రోపొసీన్‌లో (మనిషి పనులే భూమిని మార్చేస్తున్న యుగంలో) క్రియాశీలత' అనే భాగం సైన్సు చట్రంలోకి తెచ్చారు, దాన్ని నల్లబల్ల గారి నాలుగో ప్రశ్నతో కలిపి చూడండి.

యునెస్కో 2021లో వంద దేశాల జాతీయ కరికులమ్ చట్రాలను చూసి, 47 శాతంలో వాతావరణ మార్పు ప్రస్తావనే లేదని తేల్చింది. దాన్ని పరిచయంలో వాడండి, ఫలితాల అధ్యాయంలో వద్దు. అది పత్రంలో మాట ఉందా లేదా అన్నదే చెబుతుంది, తరగతి గదిలో ఏం జరిగిందో చెప్పదు.

---

నల్లబల్ల

డస్టర్ గారు చెప్పినదానికి చిన్న చేర్పు. సినాప్సిస్‌లో పరిమితుల పేరా ఇప్పుడే రాసి పెట్టుకోండి: ఉద్దేశించిన కరికులమ్ (చట్టం, సిలబస్‌లో రాసినది) ఐదు దేశాలకూ చూస్తాను, అమలైన కరికులమ్ (తరగతిలో చెప్పినది) పత్రాల్లో దొరికినంతవరకు, పిల్లలకు అందినది (ఫలితాలు) భారత్ మినహా మిగతా నాలుగు దేశాలకు. గైడ్ గారు అడగబోయే రెండో ప్రశ్న అదే. ఇటలీ, బ్రెజిల్ చట్టాలు మూల భాషలోనే నంబరుతో వెతికి తీయండి, పత్రికా వార్తలనుంచి తీసుకోవద్దు. గంటలన్నీ 60 నిమిషాల్లోకి మార్చి, పక్కనే 'ఈ గంటల్లో ఇంకా ఏమేం కలిసి ఉన్నాయి' అనే గడి పెట్టండి. ఆ గడి లేకుండా పట్టికను అధ్యాయంలోకి తీసుకురాకండి.